భుజాన తుపాకి, ఎదుట ఠాణా

నెల్లూరు సీమకు పడమట గోడవలె నిలిచిన వెలిగొండలను చీల్చుకొని పెన్నానది మైదానంలో అడుగుపెట్టే చోటు సోమశిల. నేడు అక్కడికి పోయినవారు చూచి వచ్చేది 78 టి.ఎం.సి.ల నీటిని నిలుపగల జలాశయాన్ని. రెండు వందల యేండ్లకు పూర్వం కడప వైపు నుండి ఈ కొండలు దాటి ఆత్మకూరు, ఉదయగిరి సీమలకు దిగే బాటసారి మనస్సులో నీటి మాట కంటె మరొక మాట ముందుగా మెదలి ఉండాలి. దారి ప్రక్కన మనిషి కనిపించినాడు. భుజాన తుపాకి ఉన్నది. అతడు ఎవరి మనిషి? ఊరి కావలివాడా, పాళెగాని బంటా, దారి దోపిడి చేసేవాడా? తుపాకిని చూచినంత మాత్రాన జవాబు దొరకదు. ముగ్గురి చేతా ఒకే ఆయుధం ఉండేది. ముగ్గురూ దానిని బాహాటంగానే పట్టి తిరిగేవారు.

పోలీసు అనే మాట మన భాషలోనికి రాకముందు దాని స్థానంలో ఉండినది కావలి. ఊరిని, పొలాన్ని, బాటను కాచేవానికి మాన్యపు భూమియో, పంటలో భాగమో ముట్టేది. దానికి బదులుగా అతనిపై ఒక గట్టి బాధ్యత ఉండేది. తన కావలిలో దొంగతనం జరిగితే దొంగను పట్టి సొత్తు తెచ్చి ఇవ్వాలి; లేదా సొత్తు విలువను తానే చెల్లించాలి. ఈనాటి ఏ పోలీసు శాఖా ఇట్టి పూచీని నెత్తిన వేసుకొనదు. ఐతే ఈ పద్ధతిని మరీ మెచ్చుకొన పనిలేదు. కావలి రుసుము ఇవ్వని ఊళ్ళోనే దొంగతనాలు తరచుగా జరగడం, కంచే చేను మేయడం, ఆనాటి అధికారులూ రైతులూ ఎరిగిన సంగతే. ఐనా ఒక విషయం మనం గమనించాలి. ఆ కాలంలో ఆయుధాన్ని నలుగురికీ కనబడేలా ధరించడం నేరం కాదు, అనుమానానికి హేతువూ కాదు. అది అతని ఉద్యోగానికి గుర్తు, కొందరికి వంశగౌరవం కూడాను.

1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీకి వదలినాడు. మరుసటి సంవత్సరం ఆర్కాటు నవాబు ఏలుబడిలోని నెల్లూరు సీమ కూడ కుంపిణీ చేతికి వచ్చినది. అంటే వెలిగొండలకు ఆవలి ప్రక్కా ఈవలి ప్రక్కా ఒకే ప్రభుత్వం ఏర్పడినదన్నమాట. కొండకు అటు నేరం చేసి ఇటు దాగడానికి ఉండిన వెసులుబాటు ఆనాటితో తగ్గినది. ఆవలి ప్రక్క మన్రో దొర 80 మంది పాళెగాండ్రను లొంగదీసి పింఛనులకు పరిమితం చేసినాడు. ఈవలి ప్రక్క వెంకటగిరి, కాళహస్తి ప్రభువులకు 1802లో సనదులు ఇచ్చి, వారు సైన్యంతో చేయవలసిన కొలువుకు మారుగా పేష్కషు కట్టే ఏర్పాటు చేసినారు. నిన్నటి వరకు తుపాకులతో తీర్చిన ఋణాన్ని ఇక రూపాయలతో తీర్చాలి. అదే సంవత్సరం కావలి వ్యవస్థను తొలగించి దరోగాలను పెట్టినారు. అది సాగలేదు. 1816లో గ్రామ మునసబుకు, తలారికి, తహసిల్దారుకు పోలీసు పనిని మళ్ళీ అప్పగించినారు.

ఇక ఆ బంట్లేమయినారు? చరిత్ర గ్రంథాలలో రాజులు ఓడిన తేదీలు దొరుకుతాయి గాని బంట్రోతు చేతిలోని తుపాకి ఏ చూరులోనికి చేరినదో దొరకదు. కట్టుబడి మాన్యాలు పోయినవారి కోపమే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనుక వేల జనాన్ని నిలిపినదని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు. కోయిలకుంట్ల ఖజానాపై పడినవారిలో పలువురు ఒకప్పుడు అదే ఖజానాను కాచిన కుటుంబాలవారే అయి ఉంటారు.

దీనికి ఏడేండ్లు ముందే తుపాకుల లెక్క గురించి మన సీమలోనే ఒక అలజడి లేచినది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కోటలో ఫిరంగులు, మందుగుండు విస్తారంగా దాచినాడని కుంపిణీకి తెలిసి, అక్టోబరులో సైన్యం పోయి వెదకినది. నమ్మశక్యం గాని నిల్వలు బయటపడినవి. జొహరాపురం వద్ద పోరాటం తరువాత నవాబును పట్టి తిరుచినాపల్లికి పంపినారు. రాజ్యం కుంపిణీలో కలిసిపోయినది. ఆ గాలి ఉదయగిరికీ సోకినది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న ఆ దుర్గం నవాబుల కాలంలో జాగీరుగా ఉండేది. 1840లో కుట్ర నేరం మోపి ఆ జాగీరుదారును చెంగల్పట్టుకు తరలించినారు. ఆనాటి నుండి ప్రభుత్వపు కంటికి రెండు రకాల తుపాకులు కానవచ్చినవి: కనబడేది ఒకటి, కనబడనిది మరొకటి. రెండవదే దాని నిద్రకు చేటు.

1857 తిరుగుబాటుతో ఈ భయం చట్టం రూపు దాల్చినది. ఆ యేడే ఒక ఆయుధ చట్టం, 1860లో మరొకటి వచ్చినవి. ఈ రెంటి నడుమ, 1859లో, చెన్నరాష్ట్రానికి నేటి రూపంలో పోలీసు దళం ఏర్పడినది. జీతం పుచ్చుకొనే, దుస్తులు తొడిగే, పై అధికారి ఉత్తరువుకు లోబడే పోలీసు జవాను అప్పుడు పుట్టినాడు. కావలివాడు తన తుపాకి తాను తెచ్చుకొనేవాడు. ఈ జవానుకు తుపాకి సర్కారుది. సాయంకాలం లెక్క చెప్పి లోపల పెట్టాలి.

1878లో లిట్టన్ ప్రభువు కాలంలో వచ్చిన ఆయుధ చట్టం అన్నింటికంటె పేరుకెక్కినది. దాని 13వ సెక్షను చెప్పినది ఒకే మాట: లైసెన్సు లేక ఎవ్వరూ ఆయుధం ధరించి సంచరించరాదు; సంచరిస్తే మేజిస్ట్రేటు గాని పోలీసు ఉద్యోగి గాని దానిని లాగుకొనవచ్చును. శిక్షల విషయంలో ఒక విచిత్రం ఉన్నది. మామూలు అతిక్రమణకు మూడేండ్ల వరకు ఖైదు; అదే అతిక్రమణ సర్కారు ఉద్యోగికి తెలియకుండ దాచే ఉద్దేశంతో చేస్తే ఏడేండ్ల వరకు. బాహాటంగా పట్టుకొన్నవాడు తప్పు చేసినా వాడు కంటికి కనబడుతున్నాడు. దాచినవాడు ఏమి తలపెట్టినాడో! ఈ లెక్కలో తెలివి లేకపోలేదు. లేనిది న్యాయం. ఆ చట్టపు నిబంధనలు యూరోపియనులకు వర్తించకుండ మినహాయింపు ఇచ్చినారు. తెల్లదొర తుపాకి భుజాన వేసుకొని వేటకు పోతే జవాను సలాము చేసేవాడు. అతని వెంట నడిచే రైతు చేతిలో అదే తుపాకి ఉంటే చీటీ ఏదని అడిగేవాడు. కొడగు సీమవారికి మాత్రం 1861 నుండే ప్రత్యేకపు మినహాయింపు కలదు. అది వారి విధేయతకు బహుమానం. తక్కిన దేశానికి విధేయత చాలలేదు. 1887లో చెన్నపట్నంలో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన కూడిన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ చట్టాన్ని సడలించవలసినదని కోరినది. అప్పటికి ఆ కోరిక కోరికగానే మిగిలినది.

వెలిగొండలు తూర్పుకనుమల వరుసలోనివే. అదే వరుస ఉత్తరాన గోదావరి దాటిన తరువాత మన్యమై ఎత్తుకు లేస్తుంది. తుపాకి, పోలీసు ఎదురుపడిన కథలలో తెలుగువారు మరచిపోనిది అక్కడ, 1922 ఆగస్టులో జరిగినది. 1882 నాటి అడవి చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడగా, గూడెం డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్ రోడ్డు పనులలో కూలి ఎగవేసి మన్యం ప్రజలను బాధించగా, వారి పక్షాన అల్లూరి సీతారామరాజు నిలిచినారు. ఆగస్టు 22న ఆయన అనుచరులు సుమారు 300 మందితో చింతపల్లి ఠాణాపై పడినారు. వచ్చేటప్పుడు వారి ప్రధానాయుధాలు విల్లంబులు. పోయేటప్పుడు 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు తీసుకొనిపోయినారు.

ఇంతవరకు ఐతే అది ఒక దోపిడి. అక్కడి నుండి జరిగినదే దానిని వేరు చేస్తుంది. ఏమేమి తీసుకొన్నారో ఠాణా రికార్డు పుస్తకంలో పట్టికగా వ్రాసి, క్రింద రాజుగారు సంతకం చేసినారు. ఈ ఘట్టాన్ని మనం కేవలం సాహసంగా చెప్పుకొని ముందుకు పోతుంటాము. కాస్త ఆగి చూడాలి. ఆయుధ చట్టం అడిగే ప్రశ్న ఒకటే: ఈ తుపాకి నీ చేతికి ఎవరి ఉత్తరువున వచ్చినది? సర్కారు పుస్తకంలోనే, సర్కారు పద్ధతిలోనే, తన పేరుతో ఆయన దానికి జవాబు వ్రాసినారు. ఏడేండ్ల శిక్ష వేసే సెక్షను దాచినవానికి. ఇక్కడ దాచినదేమీ లేదు. మరునాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు, ఆ మరునాడు రాజవొమ్మంగిలో 8 తుపాకులు తీసుకొన్నారు. రాజవొమ్మంగి ఠాణాలో బందీగా ఉండిన వీరయ్యదొరను విడిపించినారు. మూడు దినాలలో 26 తుపాకులు. పోలీసు జవానుల ప్రాణానికి మాత్రం హాని చేయలేదు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్థితి మారినది. తుపాకులు పట్టి వెదకవచ్చిన దళానికి ముందు నడిచిన కవర్డు, హైటరు అనే తెల్ల అధికారులు ఇద్దరు గుండ్లకు కూలినారు. అక్టోబరు 15న అడ్డతీగల ఠాణాకు ముందుగా కబురు పెట్టి, పట్టపగలే వచ్చినారు. అప్పటికే అక్కడి ఆయుధాలను పోలీసులు తరలించి వేసినందున ఏమీ దొరకలేదు. ఇక్కడ నాకు చిన్న నవ్వు రాక మానదు: ఆయుధాన్ని బాహాటంగా ధరించినవాడు చట్టానికి వెలియైన మనిషి, దాచినది ఠాణా! ఐతే కథ అంతటితో ముగియలేదు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద మలబారు పోలీసుల చేతిలో దళం బాగా దెబ్బతిన్నది. 1924 మే 7న మంప వద్ద రాజుగారిని పట్టుకొని, కొయ్యూరులో విచారణ లేకుండ కాల్చి చంపినారు. లైసెన్సు లేని తుపాకికి చట్టం మూడేండ్లు ఏడేండ్లు అని కొలిచి చెప్పినది గదా! ఆ కొలత ఆయన విషయంలో ఏ న్యాయస్థానం ముందుకూ రాలేదు.

1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకొని ధరించే హక్కు పౌరునికి ఉండాలని చేర్చినారు. రాజ్యాంగం వ్రాసే వేళకు, 1948 డిసెంబరులో, హెచ్.వి. కామత్ ఆ మాటను గుర్తుచేసి సవరణ తెచ్చినారు. డాక్టరు అంబేడ్కరు అంగీకరించలేదు. హక్కుగా ఇస్తే దొంగలు, బందిపోట్లు కూడ దానిని అడుగగలరని ఆయన వాదం. చివరకు రాజ్యాంగంలో నిలిచినది ఆయుధాలు లేకుండ శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. అమెరికావారు 1791లోనే తమ రాజ్యాంగపు రెండవ సవరణలో ఆయుధాన్ని హక్కుగా వ్రాసుకొన్నారు. అక్కడ హక్కుతో మొదలుపెట్టి హద్దులు గీస్తారు. మన దేశంలో హద్దుతో మొదలుపెట్టి అనుమతి ఇస్తారు.

1959లో పార్లమెంటు చేసిన ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దొరకు ఒకటి, రైతుకు ఒకటి అనే జాతి భేదం దానిలో లేదు. తుపాకి పట్టుకొని పోయే ఎవరినైనా లైసెన్సు చూపుమని అడిగే అధికారం 19వ సెక్షను పోలీసు ఉద్యోగికి ఇచ్చినది. చూపలేకపోతే పేరు, విలాసం చెప్పుమనవచ్చు; అవసరమని తోస్తే తుపాకిని స్వాధీనం చేసుకొనవచ్చు. పేరు చెప్పక మొరాయించినా, తప్పు పేరు చెప్పినాడనో పారిపోతాడనో అనుమానం కలిగినా వారంటు లేకుండ నిర్బంధించవచ్చు. లైసెన్సు ఉన్నంత మాత్రాన అంతా చక్కబడదు. మోసుకొనిపోయే తీరు న్యాయమైన అనుమానానికి తావిస్తే, లైసెన్సుదారునైనా 20వ సెక్షను పట్టుకొంటుంది. రైలు ఉద్యోగికి కూడ ఆ అధికారం ఉన్నదని చాలమందికి తెలియదు. తుపాకి గల శ్రోతలు ప్రయాణంలో లైసెన్సును పెట్టెలో అడుగున గాక చేతికందే చోట ఉంచుకొనడం మేలు.

ఇదే చట్టం పంటను కాచుకొనే రైతును ప్రత్యేకంగా తలచినది. నిజంగా పంట రక్షణకే ఐతే, గొట్టం మూతిలో నుండి మందు కూరే నాటు తుపాకికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు 13వ సెక్షనులో కలదు. అడవిపంది వేరుశనగ చేనిలో పడితే తెల్లవారేసరికి ఏమి మిగులుతుందో కొండ అంచున సాగుచేసేవారికి చెప్పనక్కరలేదు. ఐతే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత ఆ తుపాకికి మరొక ప్రశ్న ఎదురైనది. పోలీసు అడిగేది లైసెన్సు. అటవీ ఉద్యోగి అడిగేది చచ్చిన జంతువు పేరు. వెలిగొండలలో పెనుశిల నరసింహ అభయారణ్యాన్ని 1997లో ప్రకటించినారు. దాని అంచున చేను గలవానికి ఈ రెండు ప్రశ్నలూ ఒకే రాత్రి ఎదురుకావచ్చును.

ఎన్నికల ప్రకటన వెలువడినప్పుడు లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగింపవలసినదని ఉత్తరువులు వస్తాయి. రైతు తన తుపాకిని గోనెగుడ్డలో చుట్టుకొని ఆత్మకూరుకో ఉదయగిరికో బస్సెక్కుతాడు. జవాను నంబరు చూచి పుస్తకంలో వ్రాసుకొని రసీదు చింపి ఇస్తాడు. ఓట్ల లెక్కింపు ముగిసిన తరువాత రైతు ఆ రసీదు పట్టుకొని వస్తాడు. పుస్తకంలో సంతకం చేస్తాడు. తుపాకి భుజాన వేసుకొని, చేనికి ఈలోపల ఎన్ని పందులు వచ్చిపోయినవో అనుకొంటూ ఇంటిదారి పడతాడు.