ఐదు లోహాల ఉమ్మడి కాపురం

కంచులో పెద్దరికం రాగిది, తగరం దానికి తోడు. ఉక్కులో పెత్తనం ఇనుముది, బొగ్గుసారం నూటికి రెండు పాళ్ళు కూడా ఉండదు. వేల ఏళ్ళుగా మనిషి లోహాలు కలుపుతూనే ఉన్నాడు గానీ, ఒకటి అన్నమైతే మిగతావన్నీ తాలింపే. మన పంచలోహ విగ్రహాలు కూడా పేరుకి ఐదు, అసలుకి రాగి.

అన్నిటినీ ఒకే పీటమీద కూర్చోబెడితే ఏమవుతుంది? ఇంగ్లండులో బ్రయన్ కాంటర్ అనే ఆయనకి ఈ సందేహం వచ్చింది. 1981లో సస్సెక్స్ యూనివర్సిటీలో ఆయన శిష్యుడు విన్సెంట్ ఇరవై మూలకాలు తలా ఐదు పాళ్ళు వేసి కరిగించాడు. వచ్చింది ఒట్టి కలగూరగంప, పైగా పెళుసు. మనమైతే పారబోసేవాళ్ళం! ఆయన భూతద్దం పెట్టి వెతికితే, అందులో ఒక భాగంలో క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెలు కలిసిమెలిసి కనిపించాయి. ఆ ఐదింటినే సమపాళ్ళలో పోశారు. ఒకటే లోహమై కూర్చుంది. ఈ సంగతి పత్రికకెక్కేసరికి 2004 అయింది. అదే ఏడు తైవానులో యే అనే ప్రొఫెసరు తన దారిన తాను ఇలాంటివే చేసి, "హై ఎంట్రోపీ" లోహాలని పేరు పెట్టాడు.

గట్టిదనం వేరు, పగలకపోవడం వేరు. రాచ్చిప్ప గట్టిదే, చెయ్యి జారితే రెండు ముక్కలు. బీట పడినా దాన్ని ముందుకు పాకనివ్వని గుణం కావాలి. కాంటర్ గారి లోహానికి గడ్డకట్టే చలిలో కూడా అది పుష్కలంగా ఉందని 2014లో తేలింది. మరి వేడిలో? కొందరు దాన్ని కొలిమిలో ఐదువందల రోజులుంచి చూశారు. ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి. 900 డిగ్రీల దగ్గర ఐదూ కలిసే ఉన్నాయి. చిత్రంగా, అంతకంటే తక్కువైన 700 దగ్గర క్రోమియం వేరు కుంపటి పెట్టి, పెళుసు గింజలుగా విడిపోయింది. కాపురాలు కూలేది మంటలకి కాదు, నివురుగప్పిన నిప్పుకేనని మనకి తెలియనిదా!

విమానం ఇంజను ఎంత వేడిగా నడిస్తే ఇంధనం అంత కలిసొస్తుంది. అందుకని 2010లో అమెరికా వాయుసేన ప్రయోగశాలవారు నియోబియం, మాలిబ్డినం, టాంటలం, టంగ్‌స్టన్ సమానంగా కలిపారు. 1600 డిగ్రీల్లోనూ చెప్పుకోదగ్గ బలం మిగిలింది. చల్లారాక నొక్కితే మాత్రం పుటుక్కున పగిలింది. బలమిచ్చిన చెయ్యే ఓర్పు లాగేసుకుందన్నమాట.

ఆ తరవాత టంగ్‌స్టన్నీ మాలిబ్డినాన్నీ పక్కన పెట్టి, టైటానియం, హాఫ్నియం చేర్చి చూసినవాళ్ళున్నారు. 2024లో కాలిఫోర్నియా బర్క్‌లీవాళ్ళు అలాంటిదాన్నే పరీక్షించారు. సున్నాకి దిగువ 196 డిగ్రీల నుంచి 1200 డిగ్రీల దాకా అది బీటలకి ఎదురునిలిచింది. బీట మొన దగ్గర లోపలి పొరలు చీర కుచ్చెళ్ళలా మడతలుపడి, ఒకేచోట చిరగకుండా ఒత్తిడిని పంచుకుంటున్నాయట.

నన్ను నవ్వించింది మాత్రం దాని పాళ్ళు: టాంటలం 25, టైటానియం 15, హాఫ్నియం 15, నియోబియం ఏకంగా 45. మళ్ళీ ఇంటికో పెద్ద తయారైంది.