గ్రీన్ హైడ్రోజన్‌తో విద్యుత్ నిల్వ: బెంగళూరు యంత్రాలు, ఆంధ్ర తీర ప్రయోగాలు

ఎండ, గాలి నుంచి వచ్చిన కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్‌ను గ్రీన్ హైడ్రోజన్ అంటారు. కరెంటు మిగిలినప్పుడు దాన్ని తయారుచేసి ట్యాంకుల్లో దాచి, కరెంటు చాలనప్పుడు ఫ్యూయల్ సెల్‌లో మళ్లీ కరెంటుగా మార్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టులో దీనికో హద్దు గీసింది. కిలో హైడ్రోజన్ తయారీలో రెండు కిలోలకు మించి కార్బన్ డయాక్సైడ్ వెలువడకూడదు. ఆ హద్దు దాటకపోతే జీవద్రవ్యం (బయోమాస్) నుంచి తీసినదీ గ్రీన్ హైడ్రోజనే.

నిల్వ అవసరం ఎంతో తెలియాలంటే బెంగళూరుకు ఉత్తరాన ఉన్న పావగడ వెళ్లాలి. తుమకూరు జిల్లాలోని ఈ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. ఊళ్లలో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. వేరుశనగ వేసుకునే మెట్ట నేలలో 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పరుచుకుని ఉంది. భూమిని రైతుల దగ్గర కొనలేదు, ఎకరాకు ఏడాదికి రూ.21,000తో మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. మిట్టమధ్యాహ్నం అక్కడ కరెంటు పొంగిపొర్లుతుంది. బెంగళూరులో దీపాలు వెలిగే వేళకు పలకలన్నీ పని ఆపేస్తాయి. కర్ణాటక గాలిమరలదీ ఇలాంటి తంతే: నైరుతి రుతుపవనాల నెలల్లో జోరు, ఆ తర్వాత నీరసం. అంటే పూడ్చాల్సిన లోటు రెండు రకాలు. ఒకటి రాత్రిది, రెండోది రుతువులది.

రాత్రి లోటు పూడ్చడానికి హైడ్రోజన్ ఖరీదైన దారి. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. ఆ కిలోలో ఉండే శక్తి సుమారు 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ దాటి తిరిగి చేతికొచ్చేది అందులో సగం, మహా అయితే కొంచెం ఎక్కువ. వంద వేస్తే ముప్పై అయిదు తిరిగిచ్చే బ్యాంకులో ఎవరు డబ్బు దాస్తారు? లిథియం బ్యాటరీ వందకు 85 యూనిట్లకు పైగా తిరిగిస్తుంది. నీటిని గుట్ట మీదికి తోడి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజీలో ముప్పావు వంతు దక్కుతుంది. అయితే పంప్డ్ స్టోరేజీకి కొండ కావాలి, లోయ కావాలి, జనం ఒప్పుకోవాలి. కర్ణాటకలోని శరావతి లోయలో తలపెట్టిన 2,000 మెగావాట్ల పథకాన్ని పర్యావరణవాదులు ఏళ్లుగా వ్యతిరేకిస్తున్నారు.

లెక్క తారుమారయ్యేది నెలల తరబడి దాచాల్సి వచ్చినప్పుడే. బ్యాటరీలో నిల్వ పెంచాలంటే బ్యాటరీలే పెంచాలి. హైడ్రోజన్‌కైతే యంత్రం అదే, ట్యాంకులు పెంచితే చాలు.

కరెంటును హైడ్రోజన్‌గా దాచే పద్ధతిని చిన్న స్థాయిలో, ఒక్క రాత్రికి సరిపడా చూపించే పథకాన్ని తెలుగు నేల మీదే తలపెట్టారు. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రంలో హైడ్రోజన్ మైక్రోగ్రిడ్ పెడుతున్నట్లు 2021 డిసెంబరులో ఎన్టీపీసీ ప్రకటించింది. అక్కడి జలాశయం మీద తేలే సోలార్ పలకల కరెంటుతో 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్, అంటే నీటిని విడగొట్టే యంత్రం, పగలంతా హైడ్రోజన్ తీయాలి. దాన్ని అధిక పీడనంలో దాచాలి. సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ దాంతో కరెంటు ఇవ్వాలి. పుచ్చుకునేది 240, ఇచ్చేది 50. ఇచ్చే గంటలు ఎక్కువ కాబట్టి నష్టం ఈ రెండు అంకెలు చూపేంత కాదు గానీ, తక్కువేమీ కాదు. బ్యాటరీలతో పోటీకి కాదు గానీ, లద్దాఖ్‌లో గ్రిడ్ తీగ అందని మారుమూలల లాంటి చోట్లకు ఈ నమూనా పనికొస్తుంది.

బెంగళూరు పాత్ర యంత్రాల దగ్గర మొదలవుతుంది. ఓమియం సంస్థ 2021లో అక్కడ పీఈఎం (ప్రోటాన్ మార్పిడి పొర) ఎలక్ట్రోలైజర్ల కర్మాగారం తెరిచింది. 2024లో దొడ్డబళ్లాపురంలో మరింత పెద్దది పెట్టింది. ఈ రకం యంత్రానికి గుండెకాయ పల్చటి ప్లాస్టిక్ పొర. ఒకవైపు నీరు విడిపోయి ఆక్సిజన్ బుడగలు లేస్తాయి, ప్రోటాన్లు పొరలోంచి అవతలికి దాటి హైడ్రోజన్ అవుతాయి. మబ్బు కమ్మి కరెంటు పడిపోయినా, మళ్లీ ఎగబాకినా ఇది క్షణాల్లో సర్దుకుంటుంది కాబట్టి సోలార్‌కు బాగా జత కుదిరింది. చిక్కల్లా ఖరీదే: ఆక్సిజన్ వైపు ఉత్ప్రేరకానికి ఇరిడియం కావాలి, అది ప్లాటినం కంటే అరుదు. అసలు పొరే లేకుండా పని కానిద్దామని న్యూట్రేస్ అనే బెంగళూరు అంకుర సంస్థ ప్రయత్నిస్తోంది.

బెంగళూరులోనే ఉన్న భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)ది వేరే దారి. ప్రొఫెసర్ ఎస్.దాసప్ప బృందం జీవద్రవ్యాన్ని ఆక్సిజన్, ఆవిరితో వాయువుగా మార్చి, ఆ వాయుమిశ్రమం నుంచి హైడ్రోజన్‌ను వేరుచేసింది. కిలో జీవద్రవ్యంలో ఉండేది 60 గ్రాముల హైడ్రోజనే, కానీ చేతికొచ్చేది 100 గ్రాములు. ఆ పైది ఆవిరి ఇచ్చింది. ఇందులో కరెంటును దాచడమనే మాట లేదు. పంట వ్యర్థాలు పోగుపడే పల్లెలకు మాత్రం ఎలక్ట్రోలైజర్ కంటే ఇదే దగ్గర దారి అనిపిస్తుంది.

తీయడం ఒక ఎత్తు, దాచడం ఒక ఎత్తు. మామూలు పీడనంలో కిలో హైడ్రోజన్ 11 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అందుకే వాతావరణ పీడనానికి 350 రెట్లో, 700 రెట్లో పీడనంతో అదిమి సిలిండర్లలో నింపుతారు. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చాలి. అమెరికాలోని యూటాలో వాయువుగానే భూగర్భ ఉప్పు గుహల్లో నింపే ఏర్పాటు చేశారు. బెంగళూరు కింద ఉన్నది గట్టి నైస్ రాయి, ఆ సౌకర్యం లేదు. నీటి సంగతీ మరవకూడదు. కిలో హైడ్రోజన్‌కు లెక్క ప్రకారం 9 లీటర్ల నీరు చాలు, శుద్ధిలో పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. సుమారు వంద కిలోమీటర్ల నుంచి కావేరిని తోడుకునే నగరం అడగకుండా ఉండలేని ప్రశ్న ఇది.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన రూ.19,744 కోట్ల జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యంగా పెట్టుకుంది. అందులో ఎక్కువ భాగం మళ్లీ కరెంటుగా మారేది కాదు; ఎరువులకు, చమురు శుద్ధికి, ఉక్కుకు పోయేది. ఇది మనకు కొత్తా కాదు. 1960లలోనే పంజాబ్‌లోని నంగల్‌లో భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి ఎరువులు చేశారు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. కాకినాడలో ఏఎం గ్రీన్ తలపెట్టిన అమ్మోనియా కర్మాగారంలోనైతే కథ తలకిందులైంది. అక్కడ ఎలక్ట్రోలైజర్లు రేయింబవళ్లు నడవాలి కాబట్టి, వాటికి కావాల్సిన కరెంటును నంద్యాల జిల్లా పిన్నాపురం పంప్డ్ స్టోరేజీలో దాచి సరఫరా చేస్తారట.