కడలిపై మాట చూపిన దారి

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మదరాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరిన సంగతి మన కుటుంబాలలో పిల్లలకు సైతం తెలిసినదే. అందులో తెలుగువారు కూడా ఉన్నారు. నడిసముద్రంలో తాము ఎక్కడ ఉన్నామో, ఇంకెన్నాళ్ల ప్రయాణమో ఆ పెద్దలకు తెలిసే వీలు లేదు. తెలిసినవారు చెబితే వినవలసిందే.

అదే డర్బన్ నుంచి 137 ఏళ్ల తరువాత, 1997లో, జెఫ్ హిల్టన్-బార్బర్ అనే చూపులేని నావికుడు తెరచాప పడవలో ఒంటరిగా బయలుదేరి, సుమారు ఏడు వారాలకు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ చేరుకున్నాడు. ఆయనకూ సముద్రం కనబడలేదు. కాని తాను ఎక్కడ ఉన్నదీ ఆయనకు తెలుసు. పడవలోని పరికరాలు ఆ సంగతిని మాటలతో చెప్పేవి. ఈ మాట పడవలోకి ఎలా వచ్చిందో క్లుప్తంగా మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిజానికి నావికవిద్యలో మాటకు ఉన్న స్థానం ఈనాటిది కాదు. పూర్వం నీటి లోతు కొలవడానికి ఓడ మీద ఒక మనిషి సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలేవాడు. ఆ తాడుకు నిర్ణీతమైన బారల దగ్గర తోలుముక్కలు, నూలు పేలికలు, ఉన్ని పేలికలు కట్టి ఉండేవి. చీకటిలో చేతితో తడిమి లోతు తెలుసుకోవడానికే ఒక్కొక్క చోట ఒక్కొక్క రకం. తడిమినవాడు ఆ లోతును గొంతెత్తి పలికితే, విన్నవారు దానిని బట్టి ఓడ నడిపేవారు. మిసిసిపీ నదిపై రెండు బారల లోతును, అంటే 12 అడుగులను, చాటే కేకే ‘మార్క్ ట్వెయిన్’. సుప్రసిద్ధ రచయిత ఒకాయన దానినే తన కలం పేరుగా పెట్టుకున్నాడు. మన గోదావరి పడవవారు గడ దించి లోతు చూసుకోవడమూ ఇటువంటిదే. అంటే కన్నులున్నవారు సైతం చేతిని, చెవిని నమ్మే ఓడలు నడిపారన్నమాట.

మరి చూపులేని నావికునికి ఇబ్బంది ఎక్కడ? గాలి ఎటునుంచి వీస్తున్నదో చెంపకు తెలుస్తుంది. తెరచాప సడలితే టపటప కొట్టుకుంటుంది. పడవ ఒరుగు పాదాలకు తెలుస్తుంది. ముఖ్యంగా తెలియనివి రెండు. పడవ ఏ దిక్కుకు తిరిగి ఉన్నది, ఏ చోట ఉన్నది. 1983లో హ్యాంక్ డెక్కర్ అనే అమెరికన్, చూపు పోయిన తరువాత, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హవాయి దీవులకు ఒంటరిగా పడవ నడిపాడు. వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ పటాలు, బ్రెయిలీ దిక్సూచి ఆయనకు తోడయ్యాయి.

యంత్రం చేత మాటాడించే ప్రయత్నం అప్పటికే చాలా దూరం వచ్చింది. 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ‘వోడర్’ అనే యంత్రాన్ని మాటాడించారు. అయితే దాని మీటలు నొక్కడానికి బాగా శిక్షణ పొందిన మనిషి కావలసి వచ్చింది. 1976లో రే కర్జ్‌వైల్ అచ్చు పుస్తకాన్ని చదివి వినిపించే యంత్రాన్ని అంధుల కోసం తెచ్చాడు. 1978లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు పిల్లలకు స్పెల్లింగు నేర్పే ఆటవస్తువులో ఒకే చిన్న చిప్పు చేత మాట పలికించారు. బీరువాలంతటి యంత్రాల మాట అరచేతిలో ఇమిడిపోయింది.

1983లోనే మరొక మేలు జరిగింది. పడవలోని దిక్సూచి, లోతుమాపకం, గాలిమాపకం వంటి పరికరాలు తమ లెక్కలను ఒకే పద్ధతిలో పంపుకొనేలా అమెరికాలో ఒక ప్రమాణం వెలువడింది. అటువంటి లెక్కలను కంప్యూటరు అందుకొని చదివి వినిపించవచ్చు. 1995 నాటికి జి.పి.ఎస్. ఉపగ్రహాల వ్యవస్థ పూర్తిగా పనిలోకి వచ్చింది. ఇక మీట నొక్కితే చాలు. అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత, వేగం ఇంత అని యంత్రం పలుకుతుంది. సీసపు గుండు వాని కేకే కొత్త గొంతుతో తిరిగి వచ్చిందనడంలో అతిశయోక్తి లేదు.

అయితే ఆ గొంతును గుడ్డిగా నమ్మరాదు. హిల్టన్-బార్బర్ ప్రయాణం నాటికి సామాన్యులకు అందే జి.పి.ఎస్. లెక్కలో సుమారు 100 మీటర్ల తేడా రావచ్చు. అమెరికా ప్రభుత్వం కావాలని కలిపిన ఆ తేడాను 2000 మే నెలలో తొలగించారు. నడిసముద్రంలో 100 మీటర్లు లెక్కలోనివి కావు. రేవు ముఖద్వారంలో అవి ప్రాణాంతకం. పైగా యంత్రం తనకు తెలిసినదే చెబుతుంది. 2013లో జపాను నావికుడు మిత్సుహిరో ఇవామోటో మరొకరితో కలిసి పసిఫిక్ దాటబోగా, పడవను తిమింగిలం గుద్దినట్లయి నీరు చొచ్చింది. ఇద్దరినీ జపాను నౌకాదళం వారు రక్షించారు. ఆ రాకడను ఏ గొంతూ చెప్పలేదు. 16వ ఏట చూపు కోల్పోయిన ఇవామోటో అంతటితో మానలేదు. 2019 ఫిబ్రవరిలో శాన్ డియాగోలో బయలుదేరి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఏప్రిల్ 20న జపాను చేరాడు. చూపున్న డగ్ స్మిత్ తోడుండి గాలి తీరు, ఎదురయ్యే అపాయాలు చెబుతుండగా, పడవ నడిపింది ఇవామోటోయే.

ఇక్కడ ఒక ఇంటి సంగతి మనవి చేయాలి. మా పెద్దనాన్నగారికి ముసలితనంలో చూపు పోయింది. మేము ప్రేమతోనే ఆయన చేతిలోని పనులన్నీ ఒక్కొక్కటే తీసివేశాం. తోటకు నీరు పెట్టవద్దన్నాం, వాకిలి దాటవద్దన్నాం. ‘‘కళ్లు పోయాయి గాని చేతులు పోలేదురా’’ అన్నారాయన ఒకనాడు. ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయింది.

నేడు ఫోనులు తెలుగులో సైతం చదివి వినిపిస్తున్నాయి. మన ఇళ్లలో చూపు మందగించిన పెద్దలకు వాటిని నేర్పడం పిల్లలకు కష్టమైన పని కాదు. ఓడలో మన పూర్వీకులకు దారి చెప్పినవారు లేరు. మన పెద్దలకు మనం ఉన్నాం. దారి మాటతో చెబుదాం, చుక్కాని మాత్రం వారి చేతిలోనే ఉంచుదాం.