పాత విద్యుత్ గిటార్ల పికప్పులు: నాదభేదమునకు మూలమేది?

పాత విద్యుత్ గిటార్ల క్రయవిక్రయములలో ఒక విచిత్రమైన ఆచారము కలదు. వాద్యమును అమ్మజూపువాడు దాని పికప్పు విద్యుత్ నిరోధము ఇన్ని వేల ఓములని, జాతకములో లగ్నము చెప్పినట్లు చెప్పును. కొనువాడు ఆ అంకెను బట్టియే దాని నాదమును మనస్సున వినజొచ్చును. అంకె పెద్దదైనచో నాదము పుష్టిగా నుండుననియు, చిన్నదైనచో తేటగా నుండుననియు వారి విశ్వాసము. కాని రాగితీగ నిరోధము ఒక్కొక్క డిగ్రీ ఉష్ణమునకు నూటికి 0.39 వంతు చొప్పున పెరుగుచుండును గనుక, 20 డిగ్రీల సెంటిగ్రేడు గదిలో 8,000 ఓములు చూపిన పికప్పే బెజవాడ వేసవిలో 40 డిగ్రీలయొద్ద 8,600 ఓములకు పైగా చూపును. అంతమాత్రమున దాని కంఠము చెవికి తెలియునంతగా మారిపోదు. ఈ అంకెపై గల భక్తి ఎంతవరకు సార్థకము, పాత పికప్పుల నాదభేదమునకు నిజమైన కారణమేది యను విషయమును పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పికప్పు అనగా స్థూలముగా ఒక అయస్కాంతము, దాని పరిసరమున వేలకొలది చుట్లు చుట్టిన తలవెండ్రుకవంటి రాగితీగ. పైన కంపించు ఉక్కుతంత్రి ఆ అయస్కాంత సాన్నిధ్యమున తానును కొంత అయస్కాంతత్వమును పొంది, కదలినప్పుడెల్ల తీగచుట్టలోని అభివాహమును హెచ్చించుచు తగ్గించుచు నుండగా, 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణసూత్రము ననుసరించి చుట్టలో విద్యుత్తు పుట్టును. ఇది మైక్రోఫోను వంటిది కాదు. నైలాను తంత్రిని గుర్తింపనే గుర్తింపదు. ఇట్టి పికప్పుతో 1931లో కాలిఫోర్నియాలో జార్జి బీచమ్ రూపొందించి, అడాల్ఫ్ రికెన్‌బకర్ సహకారముతో మరుసటి యేట విపణికి తెచ్చిన వాద్యము ఒడిలో పెట్టుకొని వాయించు హవాయి గిటారు. గుండ్రని చిన్న శరీరమునకు పొడవైన కాడ యుండుటచే జనులు దానిని వేపుడు పెనమని పిలిచిరి. దానిలో గుర్రపునాడా ఆకారముగల రెండు అయస్కాంతములు తంత్రులను చుట్టుకొని యుండెడివి. ధ్వనిని బిగ్గరగా చేయుటయే నాటివారి ఉద్దేశము. స్వరము దీర్ఘకాలము నిలుచుట అనుకోని లాభము. పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలినుపై కర్ణాటక సంగీతమును పలికింపగలుగుటకు, జంటతంత్రులను విడిచి ఐదు ఒంటి తంత్రులను గ్రహించుటతోపాటు వాద్యమును విద్యుదీకరించుటయు తోడ్పడినది. గమకము సాగునంతసేపు స్వరము నిలువవలె గదా.

ఇక ప్రస్తుతమునకు వత్తము. తీగచుట్టకు నిరోధముతోపాటు ప్రేరకత్వ మనునది కలదు. ఒకే ఆకారముగల చుట్టలో చుట్ల సంఖ్య రెట్టింపైనచో అది సుమారు నాలుగు రెట్లగును. గిటారునుండి ఆంప్లిఫయరునకు పోవు కేబులునకు మీటరొక్కింటికి రమారమి 100 పికోఫారడ్ల కెపాసిటెన్సు కలదు. ఈ రెండింటి కలయికచే ఏదో యొక పౌనఃపున్యమున అనునాదము కలిగి, అచ్చట ధ్వని ఉబ్బి, దానికి పైనున్న అనుస్వరములన్నియు త్వరితముగా సన్నగిల్లును. ఆ శిఖర మెచ్చట నున్నదో, ఎంత ఎత్తున నున్నదో, ఆ పికప్పు వ్యక్తిత్వము ముఖ్యముగా అచ్చటనే యున్నదని నా అభిప్రాయము. ఓముల అంకె ఈ శిఖరమును గూర్చి చెప్పునది అత్యల్పము.

ఇందుకు గిబ్సన్ వారి రెండు పికప్పులే సాక్ష్యము. 1946లో వాల్టర్ ఫుల్లర్ రూపొందించిన పి-90 అను పికప్పులో వెడల్పైన ఒకే బాబిన్‌పై 42వ నెంబరు తీగ సుమారు 10,000 చుట్లు చుట్టబడియుండును. 1955లో సెత్ లవర్ పేటెంటు కోరిన హంబకర్‌లో అదే నెంబరు తీగ ఒక్కొక్క బాబిన్‌పై సుమారు 5,000 చుట్ల చొప్పున రెండు బాబిన్లపై నున్నది. తీగ మొత్తము దాదాపు సమానము. కావున రెండింటి నిరోధమును సుమారు 8,000 ఓములే. ఓములను నమ్మిన వానికి ఈ రెండును కవలపిల్లలు. కాని పి-90లోని చుట్లన్నియు ఒకే అభివాహమును పంచుకొనుటచే దాని ప్రేరకత్వము 6.5 హెన్రీల ప్రాంతమున నుండగా, హంబకర్‌లో చుట్లు రెండు కూటములుగా చీలుటచే అది 4.4 హెన్రీల ప్రాంతమున నిలిచిపోవును. పికప్పు సొంత కెపాసిటెన్సును, కేబులును కలిపి 600 పికోఫారడ్లని గణించినచో, పి-90 శిఖరము 2,550 హెర్ట్జుల చెంతను, హంబకర్ శిఖరము 3,100 హెర్ట్జుల చెంతను ఏర్పడును. 1954లో వెలువడిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పికప్పునకు చుట్లు సుమారు 8,000, ప్రేరకత్వము 2.2 హెన్రీలు, దాని శిఖరము అదే లెక్కన 4,400 హెర్ట్జులకు ఎగబ్రాకును. స్ట్రాటోకాస్టర్ నాదములో గాజుగ్లాసును గోటితో మీటినట్టి తళుకును, పి-90 నాదములో బొంగురు కలసిన మధ్యస్థాయి బలమును విను శ్రోత వాస్తవముగా వినుచున్నది ఈ భేదమునే. టెలికాస్టర్ మెడవైపు పికప్పు కథ మరింత విడ్డూరము. అందు వాడినది 43వ నెంబరు సన్ననితీగ. నిడివి సమానమైనను నిరోధము నాలుగవ వంతు హెచ్చు. కావున అంకెలో గిబ్సన్ పికప్పులను సమీపించియు, ప్రేరకత్వమున స్ట్రాటోకాస్టర్‌నకే బంధువగును. దానిపై నున్న లోహపు కవచమున సుడివిద్యుత్తులు పుట్టి శిఖరమును కొంత అణచివేయుటచే ఆ నాదమునకు మెత్తదనము వచ్చినది.

హంబకర్ అను పేరే దాని వృత్తిని చెప్పుచున్నది: హోరును ఎదిరించునది. విద్యుత్సరఫరా వలన పుట్టు హోరు, అమెరికాలో 60, మనదేశములో 50 సైకిళ్లది, ఒంటి చుట్టలో చొరబడును. రెండు చుట్టలను విద్యుత్పరముగా ఎదురెదురుగా కలిపి, వాని అయస్కాంత ధ్రువములను కూడ తారుమారు చేసినచో, బయటి హోరు రెండింట వ్యతిరేకముగా పుట్టి రద్దగును. తంత్రి సంకేతము మాత్రము రెండుమార్లు తిరుగబడుటచే కూడికయే యగును. అయితే రెండు చుట్టలు తంత్రిని రెండు వేర్వేరు చోట్ల గమనించుటచే కొన్ని ఉన్నతానుస్వరములు పరస్పరము కొట్టివేసికొనును. హంబకర్ గుండ్రదనమునకు ఇదియొక కారణము. పేటెంటు 1959 జూలైలో మంజూరైనను, ‘పేటెంటుకు దరఖాస్తు చేయబడినది’ అను చిన్న చీటీని మరి మూడేండ్లవరకు పికప్పుల అడుగున అంటించుచునే యుండిరి. తరువాతి చీటీపై అచ్చువేసిన సంఖ్య ఆ పికప్పుది కాక, లెస్ పాల్ పొందిన తంత్రులకొక్కెపు పేటెంటుది! పొరపాటో, ప్రత్యర్థులను దారి మరల్చు యుక్తియో గాని, నేడు ఆ చీటీలకున్న వెల చూచినచో నవ్వు వచ్చును.

ఆ చీటీగల పికప్పులన్నియు ఒకే తీరున పలుకునని తలంచుట భ్రమ. గిబ్సన్ వారి కాలమజూ కర్మాగారమున చుట్లు అన్నిట ఒకే లెక్కకు రాలేదు. అయస్కాంతములలో ఆల్నికో రెండవ రకము మొదలు ఐదవ రకము వరకు చేతికందినవి వేసిరి. ఒకే పికప్పులోని రెండు చుట్టలు అసమానమైనచో హోరు పూర్తిగా రద్దుకాదు. ఆ లోపమునే కొందరు గుణముగా కీర్తింతురు. మైనపు పూత లేకుండుటచే బిగ్గరగా వాయించినపుడు చుట్టలే కంపించి కూతవేయుటయు వానికి సహజము. ఇక ఏండ్లు గడచుటచే అయస్కాంతములు బలహీనపడి నాదము పండునను వాదము నాకు సమ్మతము కాదు: ఆల్నికో కాలమాత్రమున క్షీణించునది స్వల్పము, అన్య అయస్కాంత సామీప్యమే దానికి పెద్ద శత్రువు. అయస్కాంతమును తిప్పిపెట్టిన మాత్రమున మాత్రము మహాభేదము కలుగును. పీటర్ గ్రీన్ వాయించిన 1959 నాటి లెస్ పాల్ గిటారులో ఒక పికప్పు అయస్కాంతము తలక్రిందై యుండుటచే, రెండు పికప్పులను కలిపినపుడు ముక్కుతో పాడినట్టి సన్ననినాదము వచ్చెడిది. అదే ఆ వాద్యమునకు కీర్తి తెచ్చినది.

పికప్పు స్థానమును సామాన్యమైనది కాదు. స్ట్రాటోకాస్టర్ మెడవైపు పికప్పు తంత్రి నిడివిలో ఇంచుమించు నాలుగవ వంతున నుండుటచే, తంత్రిని విడిగా మీటినపుడు నాలుగవ అనుస్వరమునకు అది నిశ్చలబిందువై, ఆ అనుస్వరము వినబడదు. అదే పికప్పును వంతెనయొద్దకు జరిపినచో అది వేరొక పికప్పుగా తోచును. కావున న్యాయమైన తారతమ్యమునకు గిటారు, తంత్రులు, స్థానము, తంత్రికిని పికప్పునకును నడుమ ఎడము, చివరకు స్వరనియంత్రణమునకు వాడు పొటెన్షియోమీటరు విలువయు సమముగా నుండవలెను. ఫెండర్ వారు 250, గిబ్సన్ వారు 500 కిలోఓములవి వాడుట వాడుక గనుక, ఎవరి గిటారులో వారి పికప్పును విని తీర్పు చెప్పువాడు పికప్పును గాక మొత్తము వలయమును వినుచున్నాడు.

ఆ వలయమున కేబులును భాగమే. 1960 దశకమున జిమీ హెండ్రిక్స్ మొదలైనవారు వాడిన స్ప్రింగువలె చుట్టలు తిరిగిన పొడవాటి కేబుళ్ల కెపాసిటెన్సు నేటి పొట్టి కేబుళ్లకు ఎన్నోరెట్లుండుటచే, స్ట్రాటోకాస్టర్ శిఖరము బహుదూరము క్రిందికి దిగి, తళుకు తగ్గి, నాదము చిక్కబడెడిది. ఆనాటి పికప్పును ఓములు కొలిచి అమ్మజూపువారిని చాలమందిని చూచితిని గాని, దానితోపాటు ఆనాటి కేబులును అమ్మజూపినవానిని ఒక్కనినైన చూడలేదు.