దుంగల దారి, నేల హక్కు: కామెరాన్ ఆనకట్ట వివాదం (1904–1910)

అమెరికా సరిహద్దు ప్రాంతాల భూవివాదాలు అనగానే పశువుల పెంపకందారులకూ రైతులకూ మధ్య జరిగిన ఘర్షణలే ముందుగా స్ఫురిస్తాయి. ఉత్తర విస్కాన్సిన్‌లో తగవు పచ్చికది కాదు, కలపను మోసే నీటిది.

శీతాకాలంలో నరికిన తెల్ల పైన్ దుంగలను మంచు కరిగే వేళ వాగుల్లోకి వదిలి దిగువనున్న కోతమిల్లులకు చేర్చేవారు. చిన్న వాగుల్లో నీరు చాలదు. ఆనకట్ట కట్టి నీటిని నిలిపి, దుంగలతో సహా ఒక్కసారిగా విడిచేవారు. ఈ వాగులు ఎవరివి? దుంగలు తేలగలిగితే చాలు, ఆ వాగు ప్రజామార్గమేనని 1877లో ఓల్సన్ వర్సెస్ మెరిల్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక్కడ ‘ప్రజ’ అన్న మాట వల్ల ఆచరణలో అధికంగా లాభపడింది కలప కంపెనీలే.

సాయర్ కౌంటీలో థార్నాపిల్ నది ఒడ్డున జాన్ డీట్జ్ కుటుంబానికి వ్యవసాయ భూమి ఉండేది. కామెరాన్ ఆనకట్టలో కొంత భాగం తమ నేలపై ఉందనీ, దాటిపోయే దుంగలకు సుంకం చెల్లించాలనీ 1904లో అతడు తుపాకీతో అడ్డుపడ్డాడు. కావలి పనికి రావలసిన కూలి బాకీ మరొక ఫిర్యాదు. ఎదుట నిలిచినది ఫ్రెడరిక్ వేయర్‌హాయిజర్‌తో ముడిపడిన వ్యాపార కూటమి. కోర్టు ఉత్తర్వులను డీట్జ్ లెక్కచేయలేదు. 1910లో వింటర్ పట్టణంలో ఒక తగాదాలో అతడు ఒకరిని కాల్చి గాయపరిచాడు. అక్టోబరులో సాయుధ బృందం అతని ఇంటిని ముట్టడించగా ఒక డిప్యూటీ మరణించాడు. హత్యానేరంపై జీవితఖైదు పడింది; 1921లో గవర్నర్ బ్లెయిన్ క్షమాభిక్ష ప్రసాదించాడు.

పత్రికలు కొన్ని అతణ్ణి బక్కరైతు వీరునిగా, మరికొన్ని చట్టాన్ని ధిక్కరించిన మొండివానిగా చిత్రించాయి. రెండూ అసలు విషయాన్ని దాటవేశాయని నా అభిప్రాయం. డీట్జ్ అడవి నరకవద్దనలేదు, దుంగలకు వెల కట్టమన్నాడు. కంపెనీ మాట్లాడిన ఆస్తి భాషనే అతడూ మాట్లాడాడు.

ఆ భాషలో చోటు దొరకనివారు ఓజిబ్వేలు. ఈ పైన్ అడవులను వారు 1837 ఒప్పందం ద్వారా అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నారు. వేట, చేపల వేట, అడవి వరి సేకరణ హక్కులను మాత్రం నిలుపుకున్నారు. ఆ హక్కులు ఇంకా సజీవమేనని 1983లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం అంగీకరించింది. ఆ దావా వేసిన లాక్ కోర్ట్ ఒరెయ్ సమూహపు రిజర్వేషన్ ఉన్నదీ సాయర్ కౌంటీలోనే.