డీజిలు కొలిచే పంపు: దాని పుట్టుక, దాని అరుగుదల



నాట్ల అదనులో ఇంజను మొరాయించితే ఆ బాధ ఎట్టిదో మీకు వేరే చెప్పనక్కర లేదు. ఇంజను బలం తగ్గిందంటే మనవాళ్లు చాలామంది డీజిలు పంపు మీది సీలు తెంపి, మర తిప్పి, డీజిలు ఎక్కువ పోయేట్టు చేస్తారు. అది ఎందుకు తప్పో తెలియాలంటే ఆ పంపు కథ కొంత తెలియవలెను.

1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును నడిపి చూపినప్పుడు, నూనెను సిలిండరులోకి చిమ్మడానికి గట్టిగా అదిమిన గాలిని వాడినాడు. అందుకు వేరే కంప్రెసరు కావలసి వచ్చేది. అంత బరువు పొలం గట్టుకు తేగలిగింది కాదు. 1927లో స్టుట్‌గార్ట్‌లోని బాష్ కంపెనీ, గాలితో పని లేకుండా నూనెనే అదిమి చిమ్మే పంపులను పెద్దఎత్తున చేయసాగింది. మన దేశంలో 1951లో బెంగుళూరున మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. మెకానిక్కుల నోట వినబడే 'మైకో' అదే.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలిన పిదప మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో వరి పెరిగింది, దమ్ముకు ట్రాక్టర్లు వచ్చినవి. సూర్యాపేట మెట్ట ఊళ్లలో మోట కొట్టిన బావుల మీద ఇంజన్లు చేరినవి. పాత ఇంజన్లకు, ట్రాక్టర్లకు ఆ తరహా పంపులే నేటికీ ఉన్నవి.

ఈ పంపులో ప్లంజరు, దాని గొట్టం కలిసి ఒక జత. దీన్నే ఎలిమెంటు అంటారు. రెంటి మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండో మూడో ఉంటుంది. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా కాదు! ప్లంజరు ఎప్పుడూ ఒకే ఎత్తు లేస్తుంది. దాని ఒంటి మీద ఏటవాలు గాడి ఉంది. ఆ గాడి గొట్టం రంధ్రానికి ఎదురు రాగానే చిమ్మడం ఆగుతుంది. ప్లంజరును కొద్దిగా తిప్పితే కొలత మారుతుంది. అదే సోల, అదే మానిక.

దుమ్ము, నీరు కలిసిన డీజిలు ఈ సోల అంచును అరగదీస్తుంది. అప్పుడు నూనె పక్కనుంచి జారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయ్యే ఇంజను వేడెక్కిన తరువాత స్టార్టు కాకపోతే ఈ అరుగుదలను అనుమానించండి. వేడికి నూనె పలచబడి, మెల్లగా తిరిగేటప్పుడు ఎక్కువ కారుతుంది.

అయితే ముందే పంపు మీద నేరం మోపవద్దు. ఫిల్టరు చూడండి, పట్టిన గాలి తీయండి. ట్రాక్టరైతే ఇంజను నడుస్తుండగా మెకానిక్కు చేత ఒక్కొక్క నాజిలు పైపు నట్టు వదులు చేయించండి. వేగం తగ్గకుంటే లోపం ఆ సిలిండరుదే. నాజిలును పక్కదానితో మార్చి చూడండి. లోపం నాజిలుతో పోతే నాజిలుదే. అక్కడే నిలిస్తే పంపునూ, కంప్రెషన్‌నూ చూపించవలెను. చిమ్మే నూనెకు చేయి అడ్డం పెట్టరాదు, చర్మంలోకి దూరుతుంది.

ఇప్పుడు ఆ మర సంగతి. నాలుగు ఎలిమెంట్లలో ఒకటి అరిగితే, మర తిప్పినప్పుడు బాగున్న మూడింటికీ కొలత పెరుగుతుంది. నల్లపొగ, వేడి, పిస్టను చేటు, పైగా డీజిలు ఖర్చు! దీనికి మందు ఎలిమెంటును జతగా మార్చి, టెస్టు బెంచి మీద గాజు గొట్టాల్లో కొలత సరిచేయించి, సీలు వేయించడమే. ఒక పంపు ప్లంజరు మరో గొట్టంలో పెట్టరాదు.

శుభ్రమైన డబ్బా, తేర్చిన డీజిలు, వేళకు మార్చిన ఫిల్టరు, ఈ మూడూ ఉంటే పంపు చాలాకాలం మన్నుతుంది. పరీక్ష అదనుకు ముందే చేయించండి. నారు ముదిరాక మెకానిక్కు కోసం పరుగెత్తితే లాభమేమి?