యంత్రమునకు ఆదేశములు వ్రాయువారు

గణనయంత్రము తనంతట తానేమియు చేయజాలదు. ఏ పని ముందు, ఏ పని తరువాత చేయవలెనో దానికి ఎవరైనను తెలుపవలెను. ఇట్టి ఆదేశముల క్రమమునకే ప్రోగ్రామని పేరు. దానిని వ్రాయువారి వృత్తి పుట్టి ఇంకను నూరేండ్లు కాలేదు; ఇంతలోనే అది పలుమార్లు రూపు మార్చుకొన్నది.

1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఎనియాక్ అను ఎలక్ట్రానిక్ గణనయంత్రమును లోకమునకు చూపిరి. దానికి ప్రోగ్రాములు సిద్ధపరచినవారు ఆరుగురు స్త్రీలు. లెక్క మారినప్పుడెల్ల వారు తీగెలను ఊడదీసి మరల తగిలించి, స్విచ్చులను త్రిప్పవలసివచ్చెడిది. పిదప వచ్చిన యంత్రములలో ఆదేశములను అంకెల రూపమున లోపలనే నిలువచేయుట సాధ్యమయ్యెను. అయినను ఒక్క అంకె తప్పిన ఫలితమంతయు తప్పెడిది.

ఈ శ్రమను యంత్రమునకే అప్పగింపరాదా అని గ్రేస్ హాపర్ అను గణితవిదుషి ఆలోచించెను. ముందే వ్రాసియుంచిన ఆదేశభాగములను యంత్రమే కూర్చుకొనునట్లు 1952లో ఆమె ఏ-0 అను ప్రోగ్రామును రూపొందించెను. 1957లో జాన్ బాకస్ నాయకత్వమున ఐ.బి.యం. సంస్థవారు ఫోర్ట్రాన్ భాషను వెలువరించిరి. గణితసూత్రమును ఇంచుమించు మనము వ్రాయునట్లే వ్రాసిన చాలును. దానిని యంత్రభాషలోనికి మార్చు పని కంపైలరు అను ప్రోగ్రాముది. ఇక ప్రోగ్రామర్లతో పని తీరెనా? తీరలేదు. వ్రాయుట సులభమైనకొలది యంత్రముచే చేయింపదగిన పనులు పెరిగెను. వారి సంఖ్యయు పెరిగెను.

2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినవి. వీనికి వాడుక మాటలలో చెప్పినను ప్రోగ్రాము సిద్ధమగుచున్నది. అయితే ఒక భేదమును గుర్తింపవలెను. కంపైలరు నిశ్చిత నియమముల ననుసరించును. ఉత్పాదక కృత్రిమ మేధ అట్లు కాదు. అది అసంఖ్యాకములైన పూర్వపు ప్రోగ్రాములనుండి నేర్చి, తరువాత ఏ మాట వచ్చుట సంభావ్యమో లెక్కించి వ్రాయును. వ్రాసినది తప్పైనను ఒప్పువలెనే కనబడవచ్చును.

ఉదాహరణమునకు, లీపు సంవత్సరమును గుర్తించు ప్రోగ్రాములో 4చే భాగింపబడవలెనను నియమము మాత్రమే ఉన్నదనుకొనుడు. 2024తో పరీక్షించిన సరియైన జవాబే వచ్చును. 1900తో పరీక్షించిన దోషము బయటపడును. ఏలయన, శతాబ్ది సంవత్సరము 400చే భాగింపబడిననే లీపు సంవత్సరమగును. ఆ నియమము నెరిగినవానికే 1900తో పరీక్షింపవలెనని తోచును.

తీగెలు తగిలించు పని పోయెను. అంకెలు వ్రాయు పని పోయెను. పంక్తులు వ్రాయు పనియు నేడు తగ్గుచున్నది. కావలసినదేదో స్పష్టముగా చెప్పుట, వచ్చినదానిని పరీక్షించుట, తప్పునకు బాధ్యత వహించుట మాత్రము మనుష్యునివే. ఇంతకాలము క్రొత్తవారు చిన్న ప్రోగ్రాములు వ్రాయుచు, తప్పులు దిద్దుకొనుచు ఈ నేర్పు గడించిరి. ఆ చిన్న పనులే నేడు యంత్రమునకు పోవుచున్నవి. కావున ఆ అభ్యాసమునకు ఇక పాఠశాలయే తావు కావలెను. విద్యార్థి మొదట తాను వ్రాసి, పిమ్మట యంత్రము వ్రాసినదానితో పోల్చి చూచుట మేలు.